పొగ రాని రెల్లు చేను

మా ఊళ్ళో కాలవల తనిఖీ ఎప్పుడో ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పాల్సిన అవసరమేముంది? నవంబరు వచ్చిందంటే ఎవరి కాలవ వాళ్ళు బాగు చేసుకోవాలి. నీటి సంఘం వాళ్ళు గట్టు మీద నడుచుకుంటూ వచ్చి చూసి పోతారు. చెత్త కనిపిస్తే జరిమానా వేస్తారు. ఇది మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య.

కాబట్టి ఆ రోజు రూలోఫ్ చేసిన దాంట్లో తప్పేమీ లేదు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని కాలవలో నిలబడి, పొడవాటి కొక్కెం కర్రతో నాచూ బురదా లాగి గట్టున పోస్తున్నాడు. మధ్యలో కర్రకు కొన్ని వల సంచులు తగిలాయి. ఉల్లిపాయల సంచులంత ఉన్నాయి, లోపల ఎండు రెల్లు ముక్కలు. వేసవిలో పడవలేసుకుని తిరిగే పట్నం వాళ్ళ పనే అనుకుని, వాళ్ళను నాలుగు తిట్టి, సంచుల్ని కూడా కుప్ప మీదికి విసిరాడు.

అప్పుడు సైకిలు మీద వచ్చింది లీసెలోట్. సైకిలు ఆపలేదు, వదిలేసింది. అది పోయి బురదలో పడింది.

"ఏవండీ! ఆగండాగండి! ఏం చేస్తున్నారు మీరు?"

"కనిపించట్లేదా? కాలవ బాగు చేస్తున్నా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరు చెయ్యమనాలి? రేపు తనిఖీ."

"ఏం తనిఖీ?"

రూలోఫ్ కర్ర ఆపి మనిషిని ఎగాదిగా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఆ ప్రశ్న అడిగిన వాళ్ళు లేరు.

"ఏం తనిఖీ ఏంటండీ! మీ ఊళ్ళో కాలవల్లేవా?"

"లేవు. మాది దక్షిణాన, మాస్ట్రిక్ట్ అవతల. మాకు కొండలుంటాయి."

"అయితే కొండల్ని ఎవరూ చూడ్డానికి రారన్నమాట. అదృష్టవంతులు."

ఆమె నవ్వలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని, బురదలోంచి చిరిగిన సంచి ఒకటి లాగింది. దాంట్లోంచి నత్త ఒకటి జారి పడింది.

"ఇవి ఆగస్టు నుంచీ నీళ్ళలో ఉన్నాయి" అంది, ఒక్కో మాటా సాగదీస్తూ. దక్షిణాది యాస, కోపంలో కూడా పాట పాడినట్టే ఉంది. "ఏ పురుగు ఏం తింటోందో చూడ్డానికి పెట్టాను. వచ్చే వారం తియ్యాలి."

"పురుగులేం తింటున్నాయో చూడ్డానికి కూడా జీతమిస్తారా?"

"మీకు రెల్లు కొయ్యడానికి ఇవ్వట్లేదా?" అని, అప్పుడే ఏదో తట్టినట్టు తలెత్తింది. "ఉండండుండండి. మీరు రూలోఫ్‌గారా?"

"ఆఁ."

"ఓహో. అయితే కావాలనే చేశారన్నమాట."

ఇక్కడ నేనొక ముక్క చెప్పాలి. మా చుట్టూ ఉన్న చిత్తడి నేల అంతా ఒక ప్రకృతి సంఘానిది. అందులో పెద్ద రెల్లు చేను నాలుగు తరాలుగా రూలోఫ్ వాళ్ళ కౌలులో ఉంది. చలికాలం రెల్లు కోసి, కట్టలు కట్టి, ఇళ్ళ కప్పులకు అమ్ముకుంటారు. ఆ చేను లేకపోతే ఆ కుటుంబానికి వేరే తిండి లేదు. ఈమధ్య ఏమైందంటే, ఇక్కడికి వచ్చే నల్ల నీటిపిట్టలు తగ్గిపోతున్నాయి. పిల్లలకు పెట్టడానికి వాటికి పురుగులు చాలడం లేదు. "ఏటా రెల్లంతా కోసి పట్టుకుపోతుంటే నీళ్ళలో పడి కుళ్ళేదేముంది? కుళ్ళింది లేకపోతే పురుగులు దేన్ని తింటాయి?" అని సంఘంలో కొందరు లేచారు. కౌలు గడువు దగ్గర పడింది. అది మళ్ళీ ఇవ్వాలా వద్దా తేల్చడానికి యూనివర్సిటీ వాళ్ళను అడిగితే, వాళ్ళు పంపిన అమ్మాయి లీసెలోట్. పురుగులు బతికేది కుళ్ళిన రెల్లు మీదే అని ఆమె తేలిస్తే రూలోఫ్ పని సరి.

అలాంటి మనిషి ఆమె సంచుల్ని పెకలించి గట్టున పడేశాడు. ఎవరైనా ఏమనుకుంటారు?

రూలోఫ్ ముఖం కందగడ్డ అయింది. "కావాలని చెయ్యలేదు" అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ళ నాన్న కూడా అంతే, మాటకు కరువు.

మర్నాడు పొద్దున్నే ఆమె అద్దెకున్న గది ముందు బకెట్టుతో నిలబడ్డాడు. నాకెలా తెలుసంటారా? మాది కాలవకు అవతలి ఇల్లు, ఆ గదీ రూలోఫ్ వాళ్ళ వంటిల్లూ మా కిటికీకి ఎదురే. పైగా మా ఊళ్ళో కిటికీలకు తెరలు వేసే అలవాటు లేదు.

"కుప్పంతా వెతికాను. సంచులన్నీ దొరికాయి" అన్నాడు.

ఆమె బకెట్లోకి చూసింది. "సగం చిరిగాయి. పనికిరావు."

"తెలుసు. అందుకే చెప్తున్నా, మళ్ళీ పెట్టండి. మా తాత చేను పక్క కాలవలో పెట్టండి. ఒక గట్టు రెల్లు కోస్తాను, ఇంకో గట్టు ముట్టుకోను. రెండూ పక్కపక్కనే ఉంటే మీకు తేడా బాగా తెలుస్తుంది కదా."

"మీ తాత చేనంటే మీ కౌలులో మంచి ముక్కనుకుంటా?"

"మంచిదే."

"రిజల్ట్ మీకు ఎదురుగా వస్తేనో?"

"వస్తే వస్తుంది. పాడు చేశాడన్న మాట మాత్రం నేను పడను."

లీసెలోట్ బకెట్ అందుకుంది.

"నిన్న నేనలా అనకుండా ఉండాల్సింది. సారీ అండీ."

"పర్లేదు. మీకు కాలవలు తెలియవుగా."

ఇక ఆ చలికాలం వాళ్ళ కథ చెప్పడానికి పెద్ద శ్రమేమీ లేదు. మంచు పడి ఆకులు రాలగానే రెల్లు కోత మొదలైంది. రూలోఫ్ కోస్తుంటే ఆమె కాలవ పక్కన వంగి పురుగుల కోసం బురద జల్లెడ పడుతుండేది. వేళ్ళు కొంకర్లు పోతే ఇద్దరూ రూలోఫ్ వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి కూర్చునేవాళ్ళు. రూలోఫ్ తల్లి ఆల్చె నాకు వరసకు వదిన. ఆవిడ బఠాణీ సూప్ ఎంత చిక్కగా కాస్తుందంటే గరిటె నిలబెడితే నిలుస్తుంది. ముందు ఆ సూపు, తర్వాత కాఫీ, కాఫీతో బిస్కెట్. డబ్బా తెరుస్తుంది, మనిషికొకటి ఇస్తుంది, ఠక్కున మూత పెట్టేస్తుంది. ఆవిడ పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను, ఆ డబ్బా రెండోసారి తెరుచుకోవడం నేనెరగను.

"ఆంటీ, ఇంకోటి ఉందా?" అని మొదటి రోజే అడిగేసింది లీసెలోట్.

రూలోఫ్ కాఫీ గొంతుకు అడ్డం పడింది. ఆల్చె వదిన మూత మీద చెయ్యి తియ్యకుండానే అంది. "మీ కొండల్లో ఎన్ని తింటారమ్మాయ్?"

"డబ్బా ఖాళీ అయ్యేదాకా, ఆంటీ."

"అందుకే మీకు కాలవలు తవ్వే ఓపిక లేదు" అంది వదిన. అయినా నవ్వింది, నేను చూశాను.

తర్వాత పొగ సంగతి. కోసిన రెల్లును దువ్వితే బోలెడు తుక్కు రాలుతుంది. దాన్ని చేలోనే కాలుస్తారు, ఇది తాతల నాటి పద్ధతి. ఏ చేలో పొగ లేచిందో చూసి ఇంట్లో ఆడవాళ్ళు సూప్ పొయ్యి మీదికి ఎక్కిస్తారు. ఆ ఏడు అందరి చేలల్లో పొగ లేచింది గానీ రూలోఫ్ చేలో లేవలేదు. రోజూ ఆ తుక్కంతా పడవలో వేసుకుని, గడ వేసుకుంటూ చెరువు అవతలి ఒడ్డుకు మోస్తున్నాడు.

బెరెండ్ ముసలాయనకు ఇది పండగైంది. ఆయన కూడా రెల్లు కోసిన మనిషే, ఇప్పుడు నోటితో మాత్రమే కోస్తాడు.

"ఏరా రూలోఫ్, పొగ లేదేంట్రా? అగ్గిపెట్టె తడిసిందా?"

"బూడిద నీళ్ళలో పడితే లెక్క తప్పుతుందంట, బాబాయ్."

"ఎవరంట?"

రూలోఫ్ గడకర్ర వేసి పడవను ముందుకు తోశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

బెరెండ్ ఆ సాయంత్రం ఊరంతటికీ వినిపించాడు. "నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, మన వాడి సంగతి వేరు. పొగ రాలేదు. నిప్పు మాత్రం బాగానే అంటుకుంది."

వసంతం వచ్చేసరికి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ఏ రోజు మారిందో వాళ్ళకే గుర్తు లేదు. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం లీసెలోట్ పడవ అంచున బోర్లా పడుకుని, నీళ్ళలో నిలబడ్డ పాత రెల్లు కాడను టూత్‌బ్రష్‌తో రుద్దుతోంది.

"రెల్లుకి పళ్ళు తోముతున్నావా?" అన్నాడు రూలోఫ్.

"పాకుడు గీకుతున్నా. చూడు, ఎంత పచ్చగా ఉందో. నత్తలు దీన్ని నాకుతూ ఉంటాయి. కడుపు నింపేది ఇదా, కింద కుళ్ళే రెల్లా అన్నదే ప్రశ్న."

"అవి నోరు విప్పి చెప్పవుగా. ఎలా తెలుస్తుంది?"

"ఏది తింటే దాని గుర్తు ఒంట్లో చేరుతుంది. పాకుడు తిన్న నత్తకీ రెల్లు తిన్న నత్తకీ తేడా ఉంటుంది. ల్యాబ్‌లో మిషన్ చెప్పేస్తుంది."

"అయితే నీ ఒంట్లో మా అమ్మ బఠాణీలు కనిపిస్తాయా?"

"బఠాణీలు కనిపిస్తాయి. బిస్కెట్లు కనిపించవు, ఒక్కటేగా ఇచ్చింది."

అప్పుడే వాన దిగింది. చెప్పా పెట్టకుండా, ఒక్కసారిగా. రూలోఫ్ రెల్లు కట్టల మీది టార్పాలిన్ లాగి ఇద్దరి నెత్తిమీదా కప్పాడు. సీసాలు ఒళ్ళో పెట్టుకుని ఆమె దగ్గరికి జరగాల్సి వచ్చింది. టార్పాలిన్ అంచు నుంచి ధార కడుతున్న నీళ్ళకేసి ఇద్దరూ చాలా శ్రద్ధగా చూశారు. నీళ్ళలో చూడ్డానికేమీ లేదు.

"ఒకటి అడగనా?" అన్నాడు రూలోఫ్.

"రిజల్ట్ గురించైతే వద్దు."

"రిజల్ట్ గురించి కాదు."

లీసెలోట్ సీసా మూత బిగించింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ బిగించింది.

"అయితే అసలే అడగొద్దు. నిన్న సీసాలు సర్దుతుంటే ఏమనుకున్నానో తెలుసా? దేవుడా, పాకుడనే రావాలి, రెల్లని రాకూడదు అనుకున్నాను. నేనలా అనుకోకూడదు రూలోఫ్. నా పని అది కాదు."

"మంచి కోరుకుంటే తప్పేంటి?"

"నువ్వు నాకేమీ కాకపోతే తప్పు లేదు" అంది, ముఖం అటు తిప్పుకుని. "రిజల్ట్ వచ్చి అందరి ముందూ చెప్పేదాకా మీ ఇంటికి రాను. పడవ కూడా నువ్వు నడపొద్దు. నేనే అద్దెకు తెచ్చుకుంటా."

"నీకు గడ వెయ్యడం రాదు."

"నేర్చుకుంటా."

నేర్చుకోలేదు. వేసవంతా ఆ అద్దె పడవ ఉన్న చోటే గిరగిరా తిరుగుతుంటే మేమంతా చూశాం. రెండు మూడు సార్లు నీళ్ళలో పడింది. పడ్డప్పుడల్లా గట్టు మీద రూలోఫ్ ఒక అడుగు వేసేవాడు, మళ్ళీ వెనక్కి తీసుకునేవాడు. రావద్దంది కాబట్టి వెళ్ళలేదు. అంత మాట మీద నిలబడే వాణ్ణి చూస్తే నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

"ఆ పిల్ల రావట్లేదేంరా? ఏమన్నావు?" అని ఆల్చె వదిన నిలదీసింది.

"ఏమీ అనలేదమ్మా."

"అదే నీ రోగం" అంది వదిన.

సెప్టెంబరులో ఊరి హాల్లో మీటింగ్ పెట్టారు. ప్రకృతి సంఘం పెద్దలు ముందు వరసలో, మేమంతా వెనక. రూలోఫ్ తలుపు పక్కన నిలబడ్డాడు, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. తాతల చేను ఉంటుందో పోతుందో ఆ గంటలో తేలిపోతుంది.

లీసెలోట్ లేచి, కాయితం చూడకుండా చెప్పింది.

"పురుగుల ఒంట్లో ఉన్నది ఎక్కువ పాకుడే. కుళ్ళిన రెల్లు చాలా తక్కువ. కోత వల్ల పురుగులకి తిండి పోతోందన్నది నిజం కాదు."

వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇంకా అయిపోలేదు. పాకుడు గాల్లో పెరగదు. నీళ్ళలో నిలబడ్డ పాత కాడల మీద పెరుగుతుంది, ఎండ తగిలితేనే పెరుగుతుంది. ఎన్నడూ కొయ్యని చోట చీకటి, పాకుడు లేదు. మొత్తం కోసేసిన చోట వసంతంలో కాడలే లేవు, పాకుడుకి నిలవడానికి చోటు లేదు. పిట్టల పిల్లలు పుట్టేది అప్పుడే. కాబట్టి కొయ్యాలి. కానీ మొత్తం కొయ్యకూడదు. ఏటా మూడో వంతు వదిలెయ్యాలి, ఒక్కో ఏడు ఒక్కో చోట."

మూడో వంతంటే మాటలు కాదు. హాలంతా గుసగుసలు. బెరెండ్ లేచాడు. లేవకపోతే ఆశ్చర్యపోవాలి.

"అంతా బాగానే ఉందమ్మాయ్. కానీ చలికాలమంతా నువ్వు ఆ ఇంట్లో సూప్ తిన్నావు. మేం కళ్ళతో చూశాం. ఆ ఇంటి వైపు మొగ్గలేదని ఏంటి నమ్మకం?"

ఆల్చె వదిన చేతిసంచి గట్టిగా పట్టుకుంది. లీసెలోట్ మెడ దాకా ఎర్రబడింది గానీ తల దించలేదు.

"తిన్నాను. ఏది తింటే దాని గుర్తు ఒంట్లో చేరుతుందని చెప్పేదాన్ని నేనే కదా, కాదని ఎలా అంటాను? నన్ను మిషన్లో పెడితే ఆ ఇంటి గుర్తు తప్పకుండా కనిపిస్తుంది. అందుకే ఏ సీసా ఎక్కడిదో ల్యాబ్ వాళ్ళకి చెప్పలేదు, ఉత్త నంబర్లే ఇచ్చాను. ఆ ఇంటి సూప్ తిన్నది నేను, పెద్దాయనా. పురుగులు తినలేదు."

ముందు నవ్వింది బెరెండే. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే తలుపు దగ్గర నుంచి రూలోఫ్ గొంతు వినిపించింది.

"మూడో వంతు వదిలేస్తాను. తాత చేనుతోనే మొదలెడతాను."

వాడు అంతమంది ముందు అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. సంఘం వాళ్ళు తలలూపారు, కౌలు నిలిచింది. చేతులు కలిపే వాళ్ళు, భుజం తట్టే వాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళను తప్పించుకుని రూలోఫ్ బయటికి వచ్చేసరికి లీసెలోట్‌ను ఎక్కించుకుని ప్రొఫెసర్ కారు వెళ్ళిపోయింది.

"ఫోన్ చెయ్యరా" అంది వదిన.

"ఏమని చెయ్యను? పనయిపోయింది, వెళ్ళింది."

"అందరి ముందూ నీ ఇంటి గుర్తు తన ఒంట్లో ఉందని చెప్పిందిరా ఆ పిల్ల!"

"అది బెరెండ్ బాబాయికి చెప్పిన జవాబమ్మా."

వదిన నా దగ్గరికొచ్చి, వీణ్ణి కన్నది తనేనా అని నన్నడిగింది. నేనేం చెప్పను? అక్టోబరంతా వాడు ఫోన్ చేతిలోకి తీసుకోవడం, కిటికీలో పెట్టడం, మళ్ళీ తీసుకోవడం మా ఇంట్లోంచి చూస్తూ కూర్చున్నాను. చేసినట్టు మాత్రం కనిపించలేదు.

నవంబరు వచ్చింది. తనిఖీ ముందు రోజు రూలోఫ్ రబ్బరు బూట్లు వెతికితే దొరకలేదు. వాళ్ళ నాన్నవి తొడుక్కుని, కర్ర కూడా కనపడక ఇంటి వెనక నుంచి పార తీసుకుని కాలవ దగ్గరికి నడిచాడు. అక్కడ అప్పటికే సగం కాలవ శుభ్రంగా ఉంది. రూలోఫ్ బూట్లలో, ఛాతీ దాకా రబ్బరులో మునిగి, వాడి కర్రతోనే లీసెలోట్ నాచు లాగుతోంది.

రూలోఫ్ పార పట్టుకునే గట్టు అంచు దాకా వచ్చాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"కనిపించట్లేదా? కాలవ బాగు చేస్తున్నా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరు చెయ్యమనాలి? రేపు తనిఖీ."

"నీకెవరు చెప్పారు?"

ఆమె కర్ర ఆపి, వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఈ ఊరి వాళ్ళకి ఎవరైనా చెప్తారా?"

నేను కిటికీ తలుపు కొద్దిగా తెరిచాను. చలి లోపలికి వచ్చినా పర్లేదనుకున్నాను.

"రిపోర్ట్ నిన్న ఇచ్చేశాను" అంది లీసెలోట్. "ఇప్పుడు ఎవరికీ ఏమీ బాకీ లేను. నువ్వు ఫోన్ చేస్తావని రెండు నెలలు చూశాను. రేపో మాపో చేస్తాడనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఈ మనిషి నోరు మూసుకుని తుక్కు చెరువు దాటించే రకం."

"చెయ్యాలనే అనుకున్నా."

"అనుకుంటే నాకు వినపడుతుందా?"

రూలోఫ్ పార గట్టున పెట్టాడు. కాలవలోకి దిగాడు. నాన్న బూట్లు మోకాళ్ళ దాకానే ఉన్నాయి, దిగగానే నిండిపోయాయి. వాడికి తెలిసినట్టు లేదు.

"ఆ రోజు పడవలో అడగబోయింది ఇప్పుడు అడగొచ్చా?"

"అడుగు. త్వరగా. చేతులు గడ్డ కడుతున్నాయి."

"ఇక్కడే ఉండిపోతావా? నాతో? నువ్వు పడవలోంచి పడ్డప్పుడల్లా నాకు ప్రాణం పోయినంత పనయింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం, లీసెలోట్. ఆ సంచులు బయట పడేసిన రోజు నుంచే."

"ఆ రోజు నుంచా? ఆ రోజు నేను నిన్ను తిట్టాను."

"బాగా తిట్టావు."

"ఉంటాను" అంది ఆమె. "గడ వెయ్యడం నేర్పిస్తే ఉంటాను."

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదని చెప్పను, చూశాను. కానీ అది వాళ్ళ సొంత విషయం. కాసేపటికి మళ్ళీ పనిలో పడ్డారు. కుప్ప నీటి అంచుకే వెయ్యమని, నత్తలు తిరిగి కాలవలోకి పాక్కుంటూ పోతాయని ఆమె చెప్తోంది. వాడు అలాగే వేస్తున్నాడు.

"కాఫీ చల్లారిపోతోంది, ఇద్దరూ రండి!" అని ఆల్చె వదిన గుమ్మంలోంచి కేక పెట్టింది. పొద్దున బూట్లూ కర్రా ఎవరిచ్చారన్నది ఇక నేను చెప్పక్కర్లేదు.

నేను కూడా చక్కెర అడిగే వంకతో వెళ్ళాను. వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. వదిన కాఫీ పోసింది, డబ్బా తెరిచింది, మనిషికొకటి ఇచ్చింది. లీసెలోట్ తన బిస్కెట్ ఒక్క గుక్క కాఫీతో తినేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఈసారి అడగలేదు.

వదిన డబ్బాను బల్ల మీద ఆమె ముందుకు జరిపింది. మూత తీసుకెళ్ళి అలమారులో పెట్టి వచ్చింది.

"తిను. ఖాళీ అయ్యేదాకా తిను" అంది. "ఇక నుంచి ఆంటీ అని పిలవకు. అత్తయ్యా అను."